వరుగులంటే వడియాలు కాదండీ

నిన్న శ్రీకృష్ణదేవరాయల కావ్యం ఆముక్తమాల్యదలోంచి ఒక పద్యం పెట్టినవారు "వడియముల్ వరుగుల్ పెరుగున్" అన్నచోట రెండిటికీ కలిపి వడియాలు అని అర్థం రాశారు. ఒప్పుకోను. వడియమంటే రుబ్బిన పప్పో, ఉడికించిన పిండో బట్ట మీద పెట్టి ఎండబెట్టేది. వరుగంటే కూరగాయనే ముక్కలు కోసి ఎండబెట్టింది: వంకాయ వరుగు, గోరుచిక్కుడు వరుగు, మామిడికాయ వరుగు. తెలంగాణలో ఒరుగులు అంటారు, వద్దు ఒద్దు అయినట్టే. మనిషి బాగా చిక్కిపోతే "ఎండి వరుగైపోయాడు" అంటాం కదా, ఆ వరుగు ఇదే. వడియమైపోయాడు అని ఎవరైనా అనగా విన్నారా?

ఈ తేడా పట్టుకోకపోతే ఆ పద్యంలో సగం రుచి పోతుంది. ఆ కావ్యంలోని విష్ణుభక్తుడు విష్ణుచిత్తుడు తన ఇంటికొచ్చిన వైష్ణవులకి ఏ కాలంలో ఏం వడ్డించేవాడో వరసగా చెప్పే పద్యాల్లో ఇది వానాకాలానిది. జడివాన పట్టుకుంది, తడి కట్టెలు పెడితే పొగ, అందుకని ఆయన భార్య కళ్ళలోకి పొగ రాకుండా కొబ్బరి డొక్కలు ఎగదోసి వండుతోంది (విజయనగరాన్ని ఏలుతున్న రాజుకి వంటింటి పొగ సంగతి గుర్తుండటమే నాకు ముచ్చట). అంత ముసురులో వరుగు ఎండేదెక్కడ? వేసవిలో కోసి, ఎండబెట్టి, దాచిపెట్టింది ఇప్పుడు తీశారు. అంటే ఆ ఒక్క మాటలో నాలుగు నెలల కిందటి ఎండ ఉంది, ఆ ఇంటావిడ ముందుచూపూ ఉంది.

వరుగుతో నా అనుభవం మాత్రం వేరే. హాస్టల్ వదిలి కొత్తగా వండుకుంటున్న రోజుల్లో అమ్మ డబ్బా నిండా వంకాయ వరుగులు పంపితే, నానబెట్టాలని తెలీక నేరుగా పులుసులో వేసేశాను. పులుసు బాగానే కుదిరింది, ముక్క మాత్రం చెప్పు తోలు. ఫోన్ చేస్తే అమ్మ నవ్వి, వేణ్ణీళ్ళలో వేసి మెత్తబడ్డాక నీళ్ళు పిండేసి పులుసులో వెయ్యాలని అప్పుడు చెప్పింది.

మిగతా కాలాల పద్యాలూ చదవండి. వేసవికి గోరువెచ్చటి అన్నం, పలచటి అంబలి, నీరుచల్ల, అంటే నీళ్ళ మజ్జిగ. చలికాలానికి "చేసుఱుక్కను నేయి". ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చేతికి చురుక్కుమనేంత వేడి నెయ్యి అన్నమాట, 500 ఏళ్ళ నాటి మాట. మా ఇంట్లో ఇప్పటికీ గరిటెతో నెయ్యి వేస్తూ "చూసుకో, చురుక్కుమంటుంది" అనే అంటారు.