ఒక్క పిల్లాడి కోసం సంక్రాంతి పిండివంటలన్నీ నెయ్యి లేకుండా చేయాలా?

గుంటూరు అమ్మ:
మా బాబుకి నాలుగేళ్లు, పాల ఎలర్జీ. పోయినేడు పండక్కి ఊళ్లో ఎవరో ముద్దుగా సగం సున్నుండ చేతిలో పెట్టారు. పావుగంటలో పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు, భోగి రోజున ఆసుపత్రికి పరుగు. ఈసారి పండగ పట్టాభిపురంలో మా ఇంట్లోనే, ఇరవై మంది వస్తారు. నేను అన్నీ పాలు, నెయ్యి లేకుండానే చేద్దామంటున్నాను. అత్తయ్యేమో వాడికి వేరే డబ్బాలో చేద్దాం, అందరికీ నెయ్యి లేని సున్నుండలు ఎలా పెడతాం అంటున్నారు. వాడంటే ఆవిడకి ప్రాణమే, అందుకే గట్టిగా అనలేకపోతున్నాను. మీరైతే ఏం చేస్తారు?

బెజవాడ పిన్ని:
వేరే డబ్బా చాలమ్మా. అయినా నెయ్యిలో పాలెక్కడున్నాయి, వెన్న కాచి వడపోస్తే మిగిలేది కొవ్వేగా? మా ఆయనకి పాలు తాగితే కడుపుబ్బరం, నెయ్యి మాత్రం లక్షణంగా తింటారు. పండగపూట ఇల్లంతా నెయ్యి వాసన రాకపోతే నాకు పండగలాగే ఉండదు.

కృష్ణలంక అక్క:
పిన్ని గారూ, మీవారికి అరగనిది పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర. ఈ బాబుకి పడనిది పాలలోని ప్రొటీన్. రెండూ ఒకటి కాదండీ. నెయ్యి ఎంత వడపోసినా ఆ ప్రొటీన్ కొద్దిగా మిగలొచ్చు, కొందరు పిల్లలకి ఆ కొద్దే చాలు.

మా అమ్మాయిదీ ఇదే సమస్య కాబట్టి వేరే డబ్బా సంగతి నాకు బాగా తెలుసు. డబ్బా వేరే, కానీ అరిసె వత్తిన ఆకుకి రాసింది నెయ్యే. గరిటె ఒకటే, బూరెలు వేగిన మూకుడూ ఒకటే, ఆపైన నెయ్యి చేతుల్తో వచ్చి ఆ డబ్బాలోనే చెయ్యిపెట్టే పిల్లలు. పండగ మూడు రోజులూ దానికి కాపలా కాయడమే నా పని అయింది, ఆ టెన్షన్ ఇంకొకరికి వద్దు.

నిజానికి మన వంటల్లో సగానికి పాలతో పనే లేదు. అరిసెలంటే తడి బియ్యప్పిండి, బెల్లం, నువ్వులు, పాకంలో వేసే ఆ చెంచాడు నెయ్యి మానేసి కొత్త నూనెలో వేయించండి. నువ్వుల ఉండలు, పల్లీ అచ్చులు, బెల్లం గవ్వలు సరేసరి. జంతికల్లో వెన్న బదులు కాగిన నూనె పోసినా గుల్లగానే వస్తాయి.

చిక్కంతా సున్నుండలతోనే. మొదటిసారి కొబ్బరినూనెతో కట్టాను, అది సుమారు 24 డిగ్రీలకే కరుగుతుంది కదా, తెల్లారి రాయిలా ఉన్న ఉండలు మధ్యాహ్నానికి పళ్లెంలో చదునైపోయాయి. తర్వాతి ఏడు పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, వేడి మీదే నూనె ఊరేదాకా రుబ్బాను. పావుకిలో మినపప్పుకి దాదాపు అన్నే పల్లీలు పట్టాయి. ఆ ముద్దలో మినప్పిండి, బెల్లం కలిపితే ఉండ గట్టిగా నిలిచింది. నెయ్యి సున్నుండ రుచి రాదు, అది వేరే రుచి, కానీ మా ఇంట్లో డబ్బా ఖాళీ అయింది. బాబుకి పల్లీలు పడతాయో లేదో మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి.

బ్రాడీపేట తమ్ముడు:
మా ఇంట్లో క్రిస్మస్‌కి గులాబీ పువ్వులు కొబ్బరిపాలతోనే చేస్తారు, కుకీల్లో కూడా వెన్న బదులు నూనె వేస్తారు. బయట కొనే మార్జరిన్, డార్క్ చాక్లెట్‌ల దగ్గర జాగ్రత్త అక్కా, పేరులో పాలు లేకపోయినా లోపల మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసినేట్ లాంటి పాల నుంచి తీసిన పదార్థాలు ఉండొచ్చు. పాలు వాడితే ప్యాకెట్ మీద ఎలర్జీ వివరాల్లో రాయాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది, చిన్న అక్షరాలైనా చదవండి.

బెజవాడ పిన్ని:
లాక్టోజ్ వేరు, ప్రొటీన్ వేరు అని నాకు తెలియదమ్మా, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ దేవుడికి పరమాన్నం నెయ్యి, పాలు లేకుండా నేనైతే పెట్టలేను.

కృష్ణలంక అక్క:
పెట్టండి పిన్ని గారూ, నేనూ పెడతాను. పొద్దున్నే ఆ ఒక్క గిన్నె వండేసి, గట్టు, చేతులు సబ్బుతో కడిగాకే మా అమ్మాయి వంట మొదలుపెడతాను.

గుంటూరు అమ్మ:
ఇదంతా అత్తయ్యకి చదివి వినిపించాను. అరిసెలకి సరేనన్నారు, మూకుడు కూడా కొత్తది కొందామన్నారు. సున్నుండల దగ్గర ఇంకా మనసొప్పలేదు, ముందు పావుకిలో పప్పుతో చేసి చూపించమన్నారు. డాక్టర్‌ని అడిగాను, పల్లీలతో ఇబ్బంది లేదన్నారు. ఆదివారం చేస్తున్నాను.