అప్‌డేట్: షెడ్డు పనికి వెల్డింగ్ రాడ్ల లెక్క కుదిరింది

ఏనుమాముల దగ్గర గోడౌన్ షెడ్డుకు కొటేషన్ ఇవ్వాలి, రాడ్లు ఎన్ని కిలోలు రాయాలి అని అడిగాను కదా. ఉక్కు బరువులో ఇంత శాతం అని వేయకు, జాయింట్ల పొడవు కొలువు అని చెప్పిన అన్నకు చాలా థాంక్స్. అలాగే చేశాను.

డ్రాయింగులో ఉన్నది 6 ఎంఎం ఫిల్లెట్, అంటే రెండు ప్లేట్లు కలిసే మూలలో పడే త్రికోణపు వెల్డు. దాని అడ్డుకోత 6×6లో సగం, అంటే 18 చదరపు మిల్లీమీటర్లు. మీటరు పొడవుకు 18 ఘన సెంటీమీటర్లు. ఉక్కు సాంద్రత 7.85తో గుణిస్తే 141 గ్రాములు. ఇది జాయింటులో నిలిచే లోహం మాత్రమే. రాడ్డు బరువులో పైనున్న ఫ్లక్స్ (మందు) పూత స్లాగ్‌గా, అంటే పెంకులా పోతుంది, కొంత చిమ్ముతుంది, హోల్డర్ దగ్గర రెండంగుళాల ముక్క మిగిలిపోతుంది. 60 శాతమే పనికొస్తుందని వేసుకుంటే మీటరుకు 235 గ్రాముల రాడ్లు కావాలి. వంద మీటర్లకు 23.5 కిలోలు. రాడ్డుకు బదులు మెషిన్ నుంచి తీగ వచ్చే మిగ్ వెల్డింగులో ఇంత నష్టం ఉండదు.

నాకు అసలు టెన్షన్ సైజు దగ్గరే. 6కి బదులు 8 ఎంఎం పడితే అడ్డుకోత 32 అవుతుంది, రాడ్ల ఖర్చు 78 శాతం పెరుగుతుంది! పైగా వేడి ఎక్కువై ప్లేట్లు వంగుతాయి. అందుకే వెల్డర్ తమ్ముళ్లందరికీ వెల్డు సైజు కొలిచే ఫిల్లెట్ గేజ్ కొనిచ్చాను.

స్తంభాల అడుగున ఉండే బేస్ ప్లేట్లకు 7018 రకం రాడ్లు. వానాకాలం వాటికి తేమ పడితే వెల్డు పగిలే ప్రమాదం ఉంది కాబట్టి రాడ్లను పొడిగా ఉంచే ఓవెన్ ఖర్చు వేరుగా రాశాను. ఓనర్ ఒప్పుకున్నారు, వచ్చే వారం పని మొదలు.