ముత్యపు చిప్ప పుట్టగొడుగుల సంచులకు పదో రోజుకే పచ్చ బూజు, తేడా ఎక్కడ?

మిద్దెమొక్క:
ఎనిమిది సంచులు కడితే ఐదింటికి పచ్చ బూజు పట్టిందండీ. వరిగడ్డి రెండంగుళాల ముక్కలు చేసి, రాత్రంతా నానబెట్టి, మరిగిన నీళ్లలో అరగంట ఉంచాను. గంటసేపు వార్చి, 5 కిలోల తడి గడ్డికి 100 గ్రాముల చొప్పున స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) వేశాను. గది 29–31 డిగ్రీలు. రెండు సంచులకు బూజు అడుగున ఉంది, మూడింటికి గాలి కన్నాల చుట్టూ. గడ్డి నానబెట్టే నీటిలో కార్బెండజిమ్ (బూజు మందు), ఫార్మాలిన్ (క్రిములను చంపే ఘాటు ద్రావణం) వాడమంటున్నారు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అదే భయం. బూజు కోసేస్తే మిగతాది కాస్తుందా?

గడ్డివాము:
బూజు ఎక్కడ పట్టిందో చూస్తే కారణం సగం తెలిసిపోతుంది. అడుగున పడితే నీరు దిగి నిలిచినట్టు. కన్నాల దగ్గరైతే బయటి నుంచి వచ్చినట్టు. సంచి మధ్యలో అక్కడక్కడా మచ్చలుగా వస్తే గడ్డి సరిగ్గా కాగలేదు, లేదా స్పానే చెడింది.

మీ వార్పు చాల్లేదు. గుప్పెడు గడ్డి గట్టిగా పిండితే అరచేయి తడవాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. గంట అని లెక్క పెట్టుకోకుండా, శుభ్రమైన షీటు మీద పలచగా పరిచి ఈ పరీక్ష చేస్తూ ఉండండి.

రెండోది వేడి. మరిగే నీళ్లలో చల్లటి తడి గడ్డి వేయగానే వేడి ఒక్కసారిగా పడిపోతుంది. నీటిది కాదు, గడ్డి నడిమధ్య వేడి చూడాలి. థర్మామీటరు లోపలికి గుచ్చి, అక్కడ 75–80 డిగ్రీలు వచ్చాకే గంట లెక్కపెట్టండి. గడ్డి తేలకుండా పైన బరువు పెట్టాలి, తేలిన పొరలోనే బూజు బతుకుతుంది. అలాగని మూడు గంటలు కుతకుత ఉడికించినా తప్పే. గడ్డి మెత్తబడి నీరు వదలదు, బూజుతో పోటీపడే సూక్ష్మజీవులూ చస్తాయి.

వానకు తడిసిన పాత గడ్డి అయితే ఇవేవీ పనిచేయవు. పసుపు రంగు పోని కొత్త గడ్డే తెచ్చుకోండి.

తెల్లదారం:
ఉన్న సంచుల సంగతి. ఈ పచ్చ బూజు, అంటే ట్రైకోడెర్మా, మొదట తెల్లగానే ఉంటుంది, పచ్చబడిందంటే బీజాలు తయారైనట్టే. కాబట్టి గదిలో సంచి విప్పొద్దు, కోయొద్దు. ముక్కుకు మాస్కు కట్టుకుని బయటికి తీసుకెళ్లండి.

సంచి ముప్పాతిక పైగా పుట్టగొడుగు తెల్లదారం అల్లుకుని, మచ్చ రూపాయి బిళ్లంత ఉంటే దాని మీద తడిపిన ఉప్పు మందంగా అద్ది, విడిగా ఉంచండి. ఒక కాపు రావచ్చు. మచ్చ దగ్గర వచ్చినవి మాత్రం తినొద్దు. సగం కూడా అల్లుకోని సంచికి పచ్చదనం కనిపిస్తే ఆశ వదులుకోవడమే. మూతి బిగించి, ఇంకో కవర్లో పెట్టి, దూరంగా గుంత తీసి, గడ్డిని అందులో వేసి పూడ్చేయండి.

నారింజ రంగు పొడి కనబడితే మాత్రం ఒక్క గంట ఆగొద్దు, అది గది మొత్తం పాకుతుంది. సంచిలో పసుపు నీటి బొట్లు బూజు కావు, కంగారు వద్దు.

గడ్డివాము:
మందుల విషయం. 100 లీటర్ల నీటికి 50 శాతం కార్బెండజిమ్ పొడి 7 గ్రాములు, ఫార్మాలిన్ 125 మి.లీ. కలిపి, 10–12 కిలోల ఎండు గడ్డిని 16–18 గంటలు మూతపెట్టి నానబెట్టడం షెడ్లలో ఉన్న పద్ధతే. పిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు, ఫార్మాలిన్ ఆవిరి కళ్లనూ ఊపిరినీ మండిస్తుంది. వేడినీళ్లు కుదరకపోతే 100 లీటర్లకు 200 గ్రాముల పొడి సున్నం కలిపి 16–18 గంటలు నానబెట్టండి. ట్రైకోడెర్మాకు పులుపు ఇష్టం, సున్నపు నీరు గిట్టదు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.

స్పాన్ కిలోకు 20 గ్రాములు పడుతోంది, 30 చేయండి. సంచి లోపలి వేడి గదికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది కాబట్టి ఈ ఎండల్లో వేడి తట్టుకునే పాల పుట్టగొడుగులు వేసుకోవడమే తెలివి.

మిద్దెమొక్క:
ఇంకో మాట. మొక్కల కోసం ట్రైకోడెర్మా విరిడి పొడి పశువుల ఎరువులో కలుపుతుంటాను. స్పాన్ వేసిన రోజు కూడా కలిపాను. దీనికీ దానికీ ఏమైనా..?

తెల్లదారం:
అయ్యో, ఆ మాట ముందే చెప్పాల్సింది! కన్నాల దగ్గర బూజు వచ్చిన మూడు సంచుల విషయంలో నా అనుమానం ఆ పొడి మీదే. మొక్కల వేర్లను కాపాడేదీ, పుట్టగొడుగుల దారాన్ని తినేదీ రెండూ ట్రైకోడెర్మా రకాలే. ఆ పొడి, ఆ ఎరువు, ఆ బట్టలు గది దరిదాపులకు రాకూడదు. స్పాన్ పని పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన బట్టలతో, ఫ్యాన్ ఆపి, చేతులకు 70 శాతం స్పిరిట్ రాసుకుని ముగించండి. మొక్కల పని ఆ తర్వాతే. కన్నాలకు శుభ్రమైన దూది కుక్కండి, దారం అల్లుకున్నాక తీసేయొచ్చు.