ఉబుంటులో ఆన్‌లైన్ రేడియో మోగట్లేదు, సాయం చేయండి

ప్రశ్న: అన్నలూ, నాన్న పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేశాను. పొద్దున్నే ఆయనకు రేడియో వార్తలు పడాల్సిందే. స్టేషన్ లింకు నొక్కితే ఎం3యు అని చిటికెడు ఫైలు దిగుతోంది, మాట మాత్రం రావట్లేదు.

జవాబు: తమ్ముడూ, ఆ ఫైల్లో ఆడియో ఉండదు, స్ట్రీమ్ అడ్రస్, అంటే నెట్‌లో ఆ రేడియో ప్రసారం దొరికే చోటు, ఉంటుంది. టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, హెచ్‌టీటీపీతో మొదలయ్యే లైను కాపీ చెయ్యి. వీఎల్‌సీ ప్లేయర్‌లో కంట్రోల్, ఎన్ కలిపి నొక్కి, తెరుచుకునే అడ్రస్ పెట్టెలో పేస్ట్ చేసి ప్లే నొక్కు.

అడిగినతను: చేశా అన్నా. సెకన్ల అంకె కదులుతోంది, చప్పుడు లేదు.

మరో జవాబు: అంకె కదులుతోందంటే స్ట్రీమ్ వస్తున్నట్టే. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీ తగిలించావా? సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి అవుట్‌పుట్ ఎటు ఉందో చూడు.

అడిగినతను: అదే అన్నా! టీవీ మీద ఉంది. స్పీకర్స్‌కి మార్చగానే గొంతు పలికింది. నాన్న టీ గ్లాసు పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.