కాకరకాయ ‘ఎగుడుదిగుడు’గా ఉంటుందా?

మా గుంటడు ఐదో తరగతి. సొంతవాక్యం రాయమంటే ‘కాకరకాయ ఎగుడుదిగుడుగా ఉంటుంది’ అని రాశాడు. టీచరు గారు అది కొట్టేసి ‘గరుకుగా’ అని దిద్దారు. మా అమ్మేమో “కాకరకాయకి బుడిపెలుంటాయి గానీ, అదేటి?” అంటోంది. శ్రీకాకుళం వాళ్లే తీర్పు చెప్పాలి.

▪ నా ఓటు మీ అమ్మగారికే. ఎగు అంటే పైకి పోవడం, దిగు అంటే కిందికి. ఎగువ–దిగువ, ఎగుమతి–దిగుమతి, దిగుడుబావి అన్నీ ఆ ఇంటి పిల్లలే. అంచేత ఎగుడుదిగుడు అనాలంటే మిట్టా ఉండాలి, పల్లమూ ఉండాలి, అది నడిచేవాడి కాలికో బండి చక్రానికో తెలియాలి. దున్ని వదిలేసిన మడి, రాళ్లు తేలిన కొండదారి అలాంటివి. కాకరకాయ మీద పాకే చీమకి అదీ ఎగుడుదిగుడే, కానీ మనం మాట్లాడేది చీమ భాష కాదు కదా.

గరుకు వేరు. అది కంటికంటే ముందు చర్మానికి తెలుస్తుంది. పొందూరు ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు చూడండి, ఆ దవడ దూరానికి ఉత్త ఎముకముక్కే. దాని సన్నటి పళ్ల మీద వేలు రాస్తే పట్టుకుంటుంది. అదీ గరుకంటే!

▪ మా తాపీమేస్త్రి గోడకి కర్రబద్ద ఆనించి “ఇక్కడ ఉబ్బింది, అక్కడ లోపలికి పోయింది” అన్నాడు. రెండూ ఉన్నా ఎగుడుదిగుడు అనలేదే?

▪ ఆయనకి ఎక్కడ చెక్కాలో, ఎక్కడ పూయాలో కావాలి. డబ్బులిచ్చిన మీరు మాత్రం ‘గోడంతా ఎగుడుదిగుడు’ అనే అంటారు.

▪ నిమ్నోన్నతం అంటే పోలేదా?

▪ నిమ్నం, ఉన్నతం, గుణసంధి. భూగోళం పాఠంలో బాగానే ఉంటుంది. ఆటోలో నడుం పట్టేసినవాడి నోట రాదు. ధరలకీ బతుక్కీ అయితే ఒడిదుడుకులు ఉండనే ఉన్నాయి.

▪ విజయనగరం నుంచి ఒక మాట. పొరుగు జిల్లాల వాళ్లు ‘రోడ్డంతా గుంటలే’ అని రాస్తుంటారు. మా వైపు గుంటలంటే పిల్లలు, అలా అంటే బడి వదిలారు కాబోలు అనుకుంటాం. గతుకులు అనండి బాబూ.

▪ అందరికీ దండాలు. ‘బుడిపెలు’ అని మార్చాం. మావాడు మాత్రం చీమ సంగతి రేపు టీచరుకి చెప్పి మార్కు అడుగుతాట్ట.