‘కట్టు’ ఒక మాటా, నాలుగు మాటలా?

ప్రశ్న (కడప): గోడ కడతాం, చీర కడతాం, కరెంటు బిల్లు కడతాం, పాట కడతాం. పాపకు పాఠం చెబుతుంటే సందేహం వచ్చింది. ఇవన్నీ ఒకే ‘కట్టు’నా? సంస్కృతం ‘బంధ’ నుంచి వచ్చిందని ఒకాయన గట్టిగా అంటున్నాడు.

జవాబు (కర్నూలు): సంస్కృతం కాదక్కా, ద్రావిడ ధాతువే. తమిళంలోనూ కన్నడంలోనూ ఇదే ‘కట్టు’ ఉంది. వాళ్లూ ఇల్లు కడతారు, డబ్బు కడతారు. మూడు భాషల్లో ఇన్ని అర్థాలు కలిసి నడుస్తుంటే వేర్వేరు మాటలని ఎట్లా అంటాం?

అసలు అర్థం తాడుతో బిగించడం. గుంజలు, వాసాలు, తడికలు నారతో బిగిస్తే పూరిల్లు అయ్యేది. తర్వాత రాయీ మట్టీ వచ్చినా మాట అదే ఉండిపోయిందని నా అనుకోలు. చెరువుకట్ట అయితే ఇంకా సూటి, పారే నీళ్లను కట్టేసేది అదే. మీ జిల్లాలోనే పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. ఆ చెరువు కట్టించింది విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని చెబుతుంది. అంత చాకిరీనీ మనం ‘భాస్కరుడు చెరువు కట్టించినాడు’ అని తేల్చేస్తాం!

ఈ మాట ఇంగ్లీషులోకీ పోయింది. తమిళ ‘అణైక్కట్టు’ అక్కడ ‘అనికట్’ అయింది. కేసీ (కర్నూలు–కడప) కాలువకు నీళ్లు మళ్లించిన సుంకేసుల ఆనకట్టనూ అట్లాగే రాసేవాళ్లు. ఆయకట్టు కూడా ‘అయకట్’గా ఆఫీసు కాగితాల్లో తిరుగుతూనే ఉంది.

బిల్లు సంగతికి వస్తే, లెక్క కట్టడం, వెల కట్టడం అన్నప్పుడు ‘కట్టు’ అంటే ఇంత అని ఖాయం చేయడం. ఖాయం చేసిన శిస్తును ఇచ్చేయడమూ కట్టడమే అయిందేమో. ఇది ఊహే, ఇంతకంటే మేలైనది ఎవరైనా చెబితే వింటా.

ఆయన ‘బంధ’ అనడానికీ కారణం లేకపోలేదు. సేతుబంధమంటే వారధి కట్టడం, ప్రబంధమంటే కట్టిన రచన, నిబంధన అంటే కట్టుబాటు. రెండు మాటలకూ చుట్టరికం లేదు గానీ పోయిన దారి ఒకటే.

ఇంకొకరు (అనంతపురం): మడక (నాగలి) మర్చిపోయినారన్నా! మా పక్క ‘మడకలు కట్టినారా?’ అంటే దున్నడం మొదలైందా అని. కాడికి ఎద్దుల్ని కట్టడం నుంచే కదా. మరి పుత్తూరు కట్టు? పసరు, గుడ్డుసొన, వెదురు దబ్బలు పెట్టి ఎముకను బిగిస్తారే, ఆ వైద్యం పేరే కట్టు. సరే, నాదొక ప్రశ్న. కట్టెలమోపులో ‘కట్టె’, కట్టెదురులో ‘కట్టు’ కూడా ఈ ఇంటివేనా?

జవాబు (కర్నూలు): మడక బాగా గుర్తు చేసినారు. కట్టె ఈ ఇంటిది కాదు. మోపుగా కడతాం కాబట్టి కట్టె అనేది వినడానికి బాగుంటుంది, అంతే. ద్రావిడ నిఘంటువుల్లో దాని మూలం వేరు. కట్టెదురులో అసలు కట్టే లేదు. కడు + ఎదురు అది, చిఱు + ఎలుక చిట్టెలుక అయినట్టు. నట్టిల్లు, నిట్టూర్పు కూడా ఆ సంధివే. కనికట్టు మాత్రం మనదే, చూసేవాడి కళ్లు కట్టేయడం.