శేషాచలంలో రేసుకుక్కల జాడ: మంటలు, ఎర్రచందనం నరికివేత మధ్య కెమెరాలు ఎలా పెట్టాలి?

ప్రశ్న: అటవీశాఖ అనుమతితో తలకోన వైపు ట్రాప్ కెమెరాలు (జంతువు ముందుకొస్తే వాటంతటవే ఫొటో తీసేవి) పెడుతున్నాం. ఫొటోల్లో రేసుకుక్కలు (గుంపులుగా వేటాడే అడవికుక్కలు) పడటం తగ్గింది. ఎండాకాలం బోదగడ్డి మంటలు, పైగా ఎర్రచందనం దొంగలు. ఏం మార్చుకోవాలి?

జవాబు 1: మోకాలెత్తులో, ఉత్తరానికో దక్షిణానికో తిప్పి కట్టండి. తూర్పు పడమరలైతే ఎండ సూటిగా కొట్టి కార్డు ఖాళీ ఫొటోలతో నిండిపోతుంది. ముందు 3 మీటర్ల గడ్డి మొదలంటా కోయండి. మే నెల మధ్యాహ్నం బండల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరవుతుంది, సెన్సర్ పసిగట్టలేదు. ఫొటో రానంత మాత్రాన కుక్కలు పోయాయని రాసేయకండి.

జవాబు 2: చిరుతనైతే మచ్చలతో గుర్తుపడతాం. రేసుకుక్కకు ఆ వీలు లేదు, తలల లెక్క వదిలేయండి సార్. అడవిని గడులుగా విడగొట్టి, ఒక్కో గడిని పలుమార్లు నడిచి జాడ ఉందో లేదో రాయండి. ఒక్కసారే నడిస్తే, ఉండీ కనబడనివి లేనివాటి కింద పడిపోతాయి. బాటలు కలిసేచోట గుంపంతా ఒకే దగ్గర పెంట వేస్తుంది. వెంట్రుకలు, ఎముక ముక్కలు కనిపిస్తాయి. ఊరకుక్కలదేమో అనే అనుమానం తీరాలంటే డీఎన్ఏ పరీక్షే దారి. తాజా పెంట పైపొర గీకి ఇథనాల్‌లో వేయండి. కాలిన గడులనూ నడవాలి, తగలబడిన తేదీతో సహా.

జవాబు 3: దుంగలు మోసే బాటల మీద కెమెరా నిలవదన్నా, తమ ముఖం పడిందని పగలగొడతారు. ఇనుప పెట్టెలో పెట్టి, వాగు పక్క జంతువుల దారిలో కట్టండి. లొకేషన్లు వాట్సాప్‌లో మాత్రం పంచుకోవద్దు.